బోల్తాపడని బాటరీ

పొద్దున్నే షెడ్డు తాళం సురేష్‌బాబే తీశాడు. తీసిన తాళంచెవిని జేబులో వేసుకోబోతూ, స్వర్ణకుమారి చెయ్యి చాపి నిలబడి ఉండడం చూసి ఆగాడు.

"నా దగ్గర ఉంచండి. పనయ్యాక ఇచ్చేస్తాను," అంది ఆమె.

"దానికేముంది మేడమ్, తీసుకోండి." నవ్వుతూనే ఇచ్చాడు. నెమ్మదైన మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో మోటార్‌సైకిల్ హెల్మెట్. శబరి ఒడ్డున నడిమిగూడెం రేవులో ఒక ఆరోగ్య ట్రస్టు నడిపే ఆస్పత్రికి మేనేజరు.

ఆ ట్రస్టుకి ఒక చిన్న మోటార్ పడవ ఉంది. పెట్రోలుతో కాదు, బాటరీతో నడిచేది. ఏటవతల గూడేలకి నర్సునీ మందులనీ తీసుకెళ్లి, నడవలేని రోగుల్ని ఇవతలికి తేవడం దాని పని. పోయిన వారం ఒక మధ్యాహ్నం అది నడిఏట్లో ఆగిపోయింది. ప్రవాహానికి కొట్టుకుపోయి, దిగువనున్న బండరాళ్లకి తగిలి బోల్తా పడింది. నర్సు స్రవంతి ఎలాగో ఒడ్డుకి చేరింది. జ్వరంతో వస్తున్న సీత అనే పడుచు మునిగి చనిపోయింది. పడవ నడిపే కోస ఏమయ్యాడో తెలీదు. శవం కూడా దొరకలేదు.

మర్నాడు పోలీసులు పడవలోని బాటరీ పెట్టె మూత తీసి చూస్తే, అందులో ఉండాల్సిన బాటరీ లేదు. దాని చోట ఒక లారీ బాటరీ ఉంది. ఇంకేం, ఊరంతా ఒకటే మాట. కోస మంచి బాటరీ అమ్ముకున్నాడు, దాని చోట పాత లారీ బాటరీ పెట్టాడు, అది నడిఏట్లో చేతులెత్తేసింది, సీతని పొట్టనబెట్టుకుని తను అడవిలోకి పారిపోయాడు. సీత అన్నదమ్ములు గొడ్డళ్లతో కోస ఇంటి మీదికి వెళ్లారు కూడా. అతని భార్య హిడ్మే బోరింగు దగ్గరికి వెళ్లాలన్నా ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్తోంది.

స్వర్ణకుమారి బీమా కంపెనీ తరఫున వచ్చింది. పుట్టి పెరిగింది కిరండూల్ రైల్వే క్వార్టర్లలో. తండ్రి ఇనుపరాయి మోసే గూడ్సు బళ్లు నడిపినవాడు. ఆమె రైల్వే పోలీసులో సబ్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్లూ ఎక్కువగా పట్టుకున్నది రైలు పెట్టెల కింద బాటరీలు విప్పుకుపోయే ముఠాలనే. నౌకరీ వదిలేసి ప్రైవేటు పరిశోధనలోకి దిగాక కూడా, బాటరీ మాటుందంటే కంపెనీవాళ్లు ఆమెకే ఫోన్ చేస్తారు.

"ఈ పడవకి బాటరీ ఎవరు ఎంచారు?" అని అడిగింది.

"కోసేనండి. నడిపేవాడు వాడు కదా, వాడి మాటే విన్నాం. సీలు వేసిన సీసం బాటరీ. నిదానంగా, ఎక్కువసేపు కరెంటిచ్చే రకం. వాడు ఏదడిగితే అదే తెప్పించాను."

"మీరు చివరిసారి దాన్ని ఎప్పుడు చూశారు?"

"తెచ్చిన రోజున చూశాను. తర్వాత నేను ఆ పెట్టె జోలికే పోలేదండి. అదంతా వాడి పని."

"పడవని రాళ్ల దగ్గర్నుంచి ఇక్కడికి ఎప్పుడు తెచ్చారు?"

"ప్రమాదం జరిగిన సాయంత్రం ఊళ్లోవాళ్లు దాన్ని ఒడ్డుకి లాగి, వెల్లకిలా తిప్పి పెట్టారు. చీకటిపడ్డాక కానిస్టేబుల్ కాపలా వచ్చాడు. తెల్లారి ఇక్కడికి మోయించాం. మధ్యాహ్నం టీ.ఐ. గారు, అదే థానా ఇన్‌చార్జి, వచ్చి పంచనామా చేశారు. పెట్టె మూత తీసింది ఆయనే, నా ఎదురుగానే."

"తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా ఈ షెడ్డులోకి ఎవరైనా వచ్చారా?"

"ఛ, ఎలా వస్తారండి? తాళం నా దగ్గరే ఉంది కదా."

అదేదో తన మంచితనానికి రుజువన్నట్టు చెప్పాడు. స్వర్ణకుమారి తల ఊపింది.

"సుక్మాలో మీటింగుందండి. సాయంత్రానికి వచ్చేస్తాను," అని అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. మోటార్‌సైకిల్ చప్పుడు దూరమయ్యేదాకా ఆమె పడవ మీద చెయ్యి వెయ్యలేదు.

పడవ ముక్కు దగ్గర ఫైబర్ చిట్లింది. పైనున్న సోలార్ పలక ఊడి పక్కన పడుంది. వెనకవైపు బల్ల కింద బాటరీ పెట్టె. మూతకి ఉన్న పట్టీ విప్పి, టార్చి వేసింది. లోపల లారీ బాటరీ. నల్లటి ఒళ్లు, పైన ఆరు బిరడాలు.

ఒక్కొక్క బిరడా తిప్పి తీసింది. ఆరు గళ్లలోనూ ఆసిడ్ గీత దాకా ఉంది. టార్చి వెలుగులో తళతళలాడుతోంది. ఒక గడిలో ఎక్కువా, ఒక గడిలో తక్కువా అన్నది లేదు. సంచీలోంచి ఆసిడ్ బలం చూసే గాజు గొట్టం తీసి ఆరింటిలోనూ ముంచింది. గొట్టంలోని బెండు ఆరుసార్లూ పైకే తేలింది. ఆసిడ్‌లో చుక్క ఏటినీరు కలవలేదు.

ఆమె గొంతుక్కూర్చుని గొట్టం తుడుచుకుంది. ఈ పడవ ఆ రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా రాళ్ల మధ్య తలకిందులుగా నానింది.

తర్వాత తీగలు చూసింది. మోటారు నుంచి వచ్చిన లావు తీగల చివర గుండ్రటి ఇత్తడి రింగులున్నాయి, బోల్టుతో బిగించే రకం. లారీ బాటరీకి బోల్టులుండవు, పైకి పొడుచుకొచ్చిన సీసం మొలలుంటాయి. ఆ మొలలకి ఈ రింగుల్ని సన్నటి రాగి తీగతో చుట్టి కట్టారు. పడవ రెండు కుదుపులు కుదిపితే ఊడిపోయే కట్టు. దీంతో ఏరు దాటడం అలా ఉంచి, రేవు కూడా దాటలేరు.

బాటరీని రెండు చేతులా పట్టుకుని, కాలు అడ్డం పెట్టుకుని, పక్కకి జరిపింది. బరువుకి నడుం పట్టేసినంత పనైంది. అడుగున ఏటి బురద ఆరి, పల్చటి పొరలా అంటుకుని ఉంది. ఆ బురద మధ్యలో నున్నటి ఖాళీ. నాలుగు మూలలతో, పొడుగ్గా, సన్నగా. అక్కడ బురద పట్టలేదు, ఏదో పెట్టె అడ్డంగా ఉండడం వల్ల. లారీ బాటరీ ఆ ఖాళీ అంత పొడుగూ లేదు, అంత సన్నమూ కాదు. పైగా అది ఆరిన బురద మీద కూర్చుని ఉంది.

ఆమె ఫోటోలు తీసుకుంది. స్కేలు పక్కన పెట్టి మరో రెండు తీసుకుంది.

*

స్రవంతి ఆస్పత్రి వసారాలో బెంచీ మీద కూర్చునుంది. కుడిచేతికి కట్టు. పాతికేళ్లుంటాయి. కొంటా వైపు పిల్ల.

"బయాన్ ఇచ్చేసిన కదా మేడం. మళ్ల ఏం చెప్పాలె?"

"వాంగ్మూలం ఇచ్చావమ్మా, చదివాను. 'బాటరీ అయిపోయి పడవ ఆగినది' అని రాసుంది. ఆ మాట నీదా, అది రాసుకున్న థానా మున్షీదా?"

స్రవంతి తలెత్తి చూసింది. "ఆయనే రాసిండు. బాటరీ అయిపోయిందా అని అడిగిండు, ఆఁ అన్న."

"సరే. ఇప్పుడు నేనేమీ రాసుకోను. ఆ పడవ ఎలా ఆగిందో చెప్పు. నీకు కళ్ల ముందు ఏం కనిపించిందో అదే."

"సీత నా ఒళ్లో తల పెట్టుకుని పండుకుంది. టీకాల డబ్బా కూడా ఆ బాటరీకే తగిలిస్తం, దానికి ఆకుపచ్చ లైటు ఉంటది, అది ఎలుగుతనే ఉంది. రోజూ ఎట్ల పోతమో అట్లనే పోతున్నం. నడిమిట్లకి రాంగనే ధార గట్టిగుంది. కోసన్న మోటర్ పెంచిండు." ఆమె ఆగింది. "అంతే. ఠక్కున పోయింది."

"మోటరా?"

"అన్నీ. మోటరు, డబ్బా లైటు, పైనున్న బల్బు. ఒక్కపాలే. ఎవరో స్విచ్చి తీసినట్టు."

"అంతకుముందు మోటరు నీరసపడిందా? లైటు ఎర్రబడిందా? బల్బు మినుకు మినుకుమందా?"

"ఏం లేదు మేడం. మంచిగనే ఉంది."

"తర్వాత?"

"కోసన్న హ్యాండిల్ మొత్తం తగ్గించి మళ్ల తిప్పిండు. లైట్లొచ్చినయ్. మోటరు ఒక్కసారి గిర్రుమంది. హమ్మయ్య అనుకున్న. మళ్ల ఠక్కున పోయింది. అట్ల రెండు మూడుసార్లు చేసిండు. రావుడు, పోవుడు. ఆఖరికి తెడ్డు అందుకున్నడు. అప్పటికే రాళ్లకాడికి వచ్చినం." ఆమె కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుంది. "సీత చెయ్యి నా చేతులనే ఉండె. కట్టు కట్టింది ఆ చేతికే. నేనే వదిలిననో, ఏరే గుంజుకుందో నాకు తెల్వదు."

స్వర్ణకుమారి సంచీలో చెయ్యి పెట్టింది. మంచినీళ్ల సీసా అందించింది. స్రవంతి రెండు గుక్కలు తాగాక, స్వర్ణకుమారి గొంతు తగ్గించి అడిగింది.

"ఆ బాటరీ వచ్చిన రోజున నువ్విక్కడే ఉన్నావా?"

నర్సు గుమ్మం వైపు చూసింది. లోపల ఎవరూ లేరు.

"ఉన్న. ఆ రోజు మేనేజర్ సారుకూ కోసన్నకూ లొల్లయింది. కోసన్న సీసం బాటరీ కావాలన్నడు. ఇది నాకొద్దు సార్, దీని మీద పేరు లేదు, ఎవరు చేసిన్రో తెల్వదు అన్నడు. సారేమో దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూపించి, ఎంత తేలిగ్గుందో చూడు, లిథియం ఇది, పట్నంల అందరూ ఇదే వాడుతున్నరు అన్నడు."

"ఒంటిచేత్తో ఎత్తాడా? నువ్వు చూశావా?"

"చూసిన. నవ్వుకుంట ఎత్తిండు." స్రవంతి కొంగు నలుపుకుంది. "నాది కాంట్రాక్టు నౌకరీ మేడం. ఈ మాట నేనన్నట్టు సారుకి తెలిస్తే..."

"నీ పేరు నేనెత్తను. అవసరమైతే ముందు నీకు చెప్పి ఎత్తుతాను. సరేనా?"

ఆమె తల ఊపింది.

*

టీ.ఐ. రాజ్‌కుమార్ షెడ్డు ముందు జీపు దిగేసరికి స్వర్ణకుమారి తలుపు వేస్తోంది. ఈ ఇలాకాలోనే పుట్టి పెరిగిన పోలీసు. కిష్టారం అడవుల్లో నక్సలైట్ల వేటలో చాన్నాళ్లు తిరిగినవాడు. తన పంచనామాని మరొకరు విప్పి చూస్తున్నారంటే అతనికి పొద్దున్నుంచీ ఒళ్లు మండుతోంది.

"ఏంది మేడం, ఇంకా ఇక్కడే ఉన్నరా? కేసు ఖతమైంది. బీమా కంపెనీకి ఫోన్ కొట్టి చెప్పుకోండి."

"ఎలా ఖతమైంది?"

"పొద్దున కోస ఇంట్ల తలాషీ పెట్టి ఎతికించిన. ఇప్పపూల గంప కింద దొరికింది, బాటరీ. పడవదే. వాని పెళ్లాన్ని థానాకి తెప్పించిన. ఇగ వాడు ఎక్కడున్నడో ఆమెనే చెప్తది." మీసం సవరించుకున్నాడు. "మా ఇలాకాల బాటరీ మాయమైందంటే అది ఎటు పోయేదో మాకు తెలుసు. వాడు అడవిల ఎవరికి అమ్మటానికి దాచిండో అది కూడా కక్కిస్త."

"రాజ్‌కుమార్ గారూ, లోపలికి ఒక్కసారి వస్తారా?"

"నేను చూసిన."

"మీరు చూశారు. బిరడాలు విప్పలేదు."

అతను ముఖం గంటుపెట్టుకునే లోపలికి వచ్చాడు. ఆమె ఒక బిరడా తీసి టార్చి అతని చేతికిచ్చింది.

"ఆసిడ్ నిండుగా ఉంది. అయితే ఏంది?"

"ఈ బిరడాలకి గాలి పోయే చిల్లులుంటాయి. బాటరీని తలకిందులు చేస్తే ఆసిడంతా ఆ చిల్లుల్లోంచి కారిపోతుంది. ఈ పడవ ఒక పూట బోర్లా ఉంది, నీళ్లలో. కానీ ఇందులో ఆసిడ్ చుక్క కూడా పోలేదు."

"ఎవడన్న మళ్ల నీళ్లు పోసిండేమో."

"నీళ్లు పోస్తే బలం తగ్గేది. నేను కొలిచాను, పూర్తి బలంతో ఉంది. ఆసిడే పోశారంటారా? ఒలికిన ఆసిడ్‌కి పక్కనున్న ఈ నైలాన్ పట్టీ, ఈ చెక్కబల్ల కాలిపోయేవి. ఎక్కడా మచ్చ లేదు." బాటరీని జరిపి అడుగున బురద చూపించింది. "ఇదిగో, బురద పట్టని చోటు. పడవ మునిగినప్పుడు ఇక్కడున్నది వేరే పెట్టె. పొడుగూ వెడల్పూ ఫోటోలో ఉన్నాయి. బురద ఆరాక ఈ లారీ బాటరీని తెచ్చి దాని మీద పెట్టారు. ఇది అసలు బోల్తానే పడలేదు రాజ్‌కుమార్ గారూ. ఏట్లోకే వెళ్లలేదు."

టీ.ఐ. వంగి చూశాడు. వేలితో బురద గీకాడు. వేలికంటిన పొడి చూసుకున్నాడు.

"ఇంకొకటి. సీసం బాటరీ ఏదైనా సరే, చచ్చేముందు నీరసపడుతుంది. మోటారు మెల్లగా అవుతుంది, లైటు ఎర్రబడుతుంది. ఈ పడవలో అన్నీ ఒక్కసారే పోయాయి. హ్యాండిల్ తగ్గిస్తే వచ్చాయి, పెంచితే పోయాయి. అలా చేసేది లిథియం బాటరీ. దాని లోపల ఒక కాపలా పలక ఉంటుంది. మోటారు లాగే కరెంటు మించితే అదే మొత్తం కట్ చేస్తుంది. మంచి లిథియం బాటరీ అయితే ఆ ధారకి తట్టుకునేది. ఇది ఎవరో పాత సెల్సు ఏరి అతికించిన చవక సరుకు. కోస వద్దన్నా అతనికి అంటగట్టినది."

"అంటగట్టింది ఎవరు?"

"సీసం బాటరీ కొన్నామని నాతో అబద్ధం చెప్పినవాడు. పడవ షెడ్డులో ఉన్న పూటంతా తాళం దగ్గరుంచుకున్నవాడు."

"సురేష్‌బాబా?" రాజ్‌కుమార్ నవ్వబోయి మానేశాడు. "మరి ఆ బాటరీ కోస ఇంట్లకి ఎట్ల వచ్చింది?"

"సురేష్‌బాబే పెట్టించి ఉంటాడు. మీరు వెతికి దొంగతనం రుజువు చెయ్యాలని."

"ఉంటాడు, ఉంటాడు. అన్నీ ఉంటాడులే." అతని గొంతు మళ్లీ లేచింది. "మేడం, రైల్వేల మీరు చేసింది నౌకరీ, ఇది నా థానా. నా చేతికి దొరికింది సబూతు. నల్ల ఇనప పెట్టె, పైన పేరు లేదు. చక్కగ పనిచేస్తదని కోర్టుకి చూపెట్టనీకి మున్షీకి చెప్పి చార్జింగు కూడా పెట్టిపిచ్చిన."

స్వర్ణకుమారి చేతిలోని టార్చి కింద పెట్టేసింది.

"ఏం పెట్టించారు?"

"చార్జింగు."

"ఏట్లో మునిగిన లిథియం బాటరీకా? ఎక్కడ పెట్టారు?"

"మాల్‌ఖానాల. పట్టుకున్న సరుకు పెట్టే గది."

"ఆ గదిలో ఇంకేముంది?"

రాజ్‌కుమార్ మీసం మీంచి చెయ్యి తీశాడు. అతని ముఖంలో రంగు మారడం ఆమె చూసింది.

"ఏట్ల చేపల కోసం పేలుస్తుంటే పట్టుకున్నం, జిలెటిన్ కడ్డీలు. ఒక పెట్టె." అన్నాడు. "రేపు నిపుణులొచ్చి తీస్కపోతరు."

"హిడ్మే ఎక్కడుంది?"

"పక్క గదిల."

ఇద్దరూ ఒకేసారి జీపు వైపు పరుగెత్తారు.

దారిలో అతను మున్షీకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మొదటిసారి బిజీ. రెండోసారి ఎత్తాడు. "ప్లగ్గు పీకు! అందర్ని బయటికి తీయ్!" అని అరిచాడు. అవతలి మనిషికి సగమే వినబడినట్టుంది. "క్యా సాబ్?" అంటుండగానే లైను తెగిపోయింది.

థానా ఆవరణలోకి జీపు తిరిగేసరికి, మాల్‌ఖానా కిటికీ పైనున్న జాలీలోంచి తెల్లటి పొగ సన్నగా వస్తోంది. కాలిన ప్లాస్టిక్ వాసన కాదు. తియ్యగా, ముక్కుపుటాలు మండించే వాసన. మున్షీ బక్కెట్టుతో నీళ్లు పట్టుకుని అటు పరుగెడుతున్నాడు.

"నీళ్లొద్దు! ముందు మెయిన్ స్విచ్ తీయ్!" స్వర్ణకుమారి ఇంకా ఆగని జీపులోంచే దూకింది.

మున్షీ స్విచ్ బోర్డు వైపు తిరిగాడు. రాజ్‌కుమార్ తలుపు తెరిచాడు. లోపల నల్లపెట్టె ఒక మూల ఉబ్బిపోయి ఉంది. మూత అంచుల్లోంచి బుసబుసమని పొగ తన్నుకొస్తోంది. ప్రాణం ఉన్న జంతువేదో లోపల ఇరుక్కున్నట్టు కటకటమంటోంది. అతను దాని మీదికి వంగబోయాడు.

"దాన్ని ముట్టుకోవద్దు! అది ఇంక ఆగదు, దాన్నొదిలేయండి! జిలెటిన్ పెట్టె తియ్యండి!"

ఈ థానాలో ఎవరూ ఆ గొంతుతో రాజ్‌కుమార్‌కి ఆజ్ఞ ఇచ్చి ఉండరు. అతను తిరిగి చూడకుండా చెప్పినట్టే చేశాడు. అవతలి గోడ దగ్గరున్న అట్టపెట్టెని రెండు చేతులా ఎత్తి, గుండెలకి హత్తుకుని, దగ్గుతూ బయటికి వచ్చాడు. ఆవరణ దాటి, రోడ్డు దాటి, పొలం గట్టు అవతలికి నడిచాడు. పరుగెత్తలేదు. దాన్ని పరుగెత్తి మోయకూడదని అతనికి తెలుసు.

స్వర్ణకుమారి పక్క గది గొళ్లెం తీసింది. హిడ్మే గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పొగ అప్పటికే తలుపు సందుల్లోంచి ఆ గదిలోకి చేరింది. చెయ్యి పట్టి లాగితే రాలేదు. ఇంకేదో శిక్ష మొదలైందనుకుని బెంచీ కాలు పట్టుకుంది.

"నిన్నేం చెయ్యను తల్లీ, రా! ఇల్లు అంటుకుంటోంది, రా!"

ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఈడ్చినట్టే బయటికి తెచ్చింది. వాళ్లు వేపచెట్టు దగ్గరికి చేరేలోపు గదిలో ఢామ్మని పేలింది. జాలీలోంచి మంట నాలుకలా బయటికి వచ్చింది. కానిస్టేబుళ్లు గోడ కట్టడానికి పోసిన ఇసుకని తట్టలతో మోసి తలుపులోంచి విసరడం మొదలుపెట్టారు. మంట తగ్గింది, మళ్లీ లేచింది, మళ్లీ తగ్గింది. పైకప్పు రేకులు నల్లబడ్డాయి గాని పడిపోలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

రాజ్‌కుమార్ పొలం వైపు నుంచి నడిచి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దైంది. హిడ్మే ముందు నిలబడి, మున్షీ వైపు తిరిగి, "ఆమెకి నీళ్లియ్యి," అన్నాడు. తర్వాత స్వర్ణకుమారితో, "మీరు చెప్పింది నిజమే. ఇది సురేష్‌బాబు కొన్న సరుకే. వాడే తీస్కపోయి వీళ్లింట్ల పెట్టిండు," అన్నాడు.

"కాదు," అంది హిడ్మే.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె నీళ్ల చెంబుని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"సారు పెట్టలే. మా ఇంటాయనే తెచ్చిండు."

స్వర్ణకుమారి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. తన లెక్క ఎక్కడ తప్పిందో ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఊళ్లోవాళ్లు పడవని తిప్పి వెళ్లిపోయాక, కాపలా రాకముందు, ఒడ్డున ఎవరూ లేని వేళ ఉంది. పెట్టె ఖాళీ అయింది అప్పుడు. తెల్లారి షెడ్డులో మూత తీసి చూసుకున్న సురేష్‌బాబుకి కనిపించింది ఆ ఖాళీయే. కోస మంచి బాటరీ అమ్ముకున్నాడనిపించడానికి చేతికి దొరికిన లారీ బాటరీ పెట్టాడు.

"కోస బతికే ఉన్నాడన్నమాట," అంది మెల్లగా.

"బతికే ఉండె. ఒళ్లంతా దెబ్బలు. చీకట్ల ఆ పెట్టె భుజాన ఏసుకుని వచ్చిండు. 'సీత చచ్చిపోయింది హిడ్మే, ఈ పెట్టె చేసిన పనే ఇది, సారు దీన్ని ఏట్ల పడేస్తడు, నేనే ఎవరికన్న పెద్దసారుకి చూపిస్త' అన్నడు. సీత అన్నలు గొడ్డళ్లు పట్టుకుని వచ్చిన్రు. అప్పటికెల్లి చేనుకాడ గుడిసెల దాగిండు."

"ఈ మాట మాకు ముందే చెప్తే ఏమైతుండె?" అన్నాడు రాజ్‌కుమార్.

హిడ్మే అతని యూనిఫాం వైపు చూసింది. ఆ చూపు చాలు, అతను తల దించుకున్నాడు.

"ఎవరికీ చెప్పలేదా?" అడిగింది స్వర్ణకుమారి.

"నిన్న చెప్పిన అక్కా. భయమైతుండె. మా ఇంటాయనకి జరమొచ్చింది, దెబ్బలు చీము పట్టినయ్. చదువుకున్నోడు, మందులిచ్చేటోడు, మంచిగ మాట్లాడుతడు అని..." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేనేజర్ సారుకే చెప్పిన."

రాజ్‌కుమార్ చేతిలోని టోపీ కింద పడింది. తీసుకోలేదు.

"ఇయ్యాల పొద్దుగాల చేనుకాడికి మోటర్‌సైకిల్ మీద వచ్చిండు. దవాఖానకి తీస్కపోత అన్నడు. బాటరీ ఏడ పెట్టినవ్, అది కూడా పట్టుకుపోదాం, నీ మీద కేసు లేకుండ చేస్త అన్నడు. మా ఇంటాయన నా దిక్కు చూసిండు. ఏటవతల బండల కింద దాచిన సార్ అన్నడు."

"బాటరీ మీ ఇంట్లనే ఉండె గదా!" అన్నాడు రాజ్‌కుమార్.

"ఉండె. సారు ఇంట్లకి రావొద్దని, పిల్లలున్నరని, అట్ల అన్నడు." హిడ్మే చెంబు కింద పెట్టింది. "ఇద్దరూ రేవు దిక్కు పోయిన్రు. నేను ఇంటికి రాంగనే మీ పోలీసులొచ్చిన్రు."

సుక్మాలో మీటింగన్న మాట అబద్ధమని తెలిసి స్వర్ణకుమారి అప్పటికే లేచింది. రాజ్‌కుమార్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే జీపు ఎక్కాడు. సురేష్‌బాబు నంబరు మోగుతోంది, మోగుతూనే ఉంది. జీపు రేవు చేరేసరికి మోత ఆగిపోయింది.

రేవులో మోటార్‌సైకిల్ నిలబెట్టి ఉంది. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి ఉంది. ఏరు దాటడానికి ఈ ఒడ్డున ఒక్క తెప్ప కూడా లేదు. ఊరికున్న ఒకే ఒక్క దోనె అవతలి ఒడ్డున, సగం ఇసుకలోకి ఎక్కి, ఖాళీగా ఉంది. దాని ముక్కు దగ్గర్నుంచి రెండు జతల అడుగులు బండల వైపు వెళ్లాయి. రాజ్‌కుమార్ జీపులోంచి బైనాక్యులర్స్ తీసి చూసి, వాటిని ఆమెకిచ్చాడు.

బండల దగ్గర్నుంచి తిరిగి దోనె వైపు ఇస్త్రీ చొక్కాలో ఒక మనిషి వస్తున్నాడు. ఒక్కడే.